ఇస్త్రీ చేసిన చిమ్మట

దర్జీ కొట్టు, మేడమెట్ల పక్కన
జూన్ 4

మిడతకి,

పెద్దమ్మ రాస్తున్న ఉత్తరం. రెండేళ్ళుగా నేను నీకు రాయలేదు, నువ్వు నాకు రాయలేదు, కాబట్టి ముందు ఎవరు రాయాలన్న పేచీ వద్దు. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్‌లో ఎవరేం చెప్పినా నువ్వు ఊఁ ఊఁ అంటూ వేరే పని చేసుకుంటావని మీ అమ్మే చెప్పింది. కాగితం మీద ఊఁ అనడం కుదరదు.

పని మీదే రాస్తున్నాను. ఈ కవరులో ఒక చిమ్మట ఉంది. చిన్నది, నా చిటికెన వేలి గోరంత కూడా లేదు. బూడిద రంగు. పొద్దున్నే కొట్టు తలుపు తీసేసరికి కిటికీ అద్దం మీద ఒకటో రెండో కొట్టుకుంటూ ఉంటాయి. ఎండ ముదిరితే ఒక్కటీ కనబడదు. ఇది ఏ జాతిదో, ఏం తింటుందో, ఎక్కడ ఉంటుందో నాకు రాయి. నీకున్న అంత పెద్ద ఉద్యోగంలో ఇదెంతసేపు పని.

దారిలో నలిగిపోకుండా రెండు బక్రం ముక్కల మధ్య పెట్టి, పైన తడిగుడ్డ వేసి, ఇస్త్రీ పెట్టె ఒక్కసారి ఆనించాను. కాలరు గట్టిగా నిలబడడానికి వేసే బక్రం కాబట్టి ఎటూ వంగదు. ఒక్క ముడత లేకుండా వచ్చింది.

నిన్ను పదేళ్ళ వయసు నుంచీ నా కటింగ్ బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్నది కత్తెర నేర్పడానికి. నువ్వు బల్ల కిందకి దూరి పురుగులు పట్టి, నా చేత మిడత అని పిలిపించుకున్నావు. పెద్దయ్యాక అగ్గిపెట్టెలు సంచిలో వేసుకుని మ్యూజియం ఉద్యోగానికి వెళ్ళిపోయావు. అప్పుడు నేనన్న మాటలు నేనేం వెనక్కి తీసుకోవడం లేదు. కానీ ఆ పురుగులు ఇన్నాళ్ళకి అక్కరకొచ్చాయి.

ఎందుకు అడుగుతున్నావంటావా, ఊరికే.

పెద్దమ్మ


కీటకాల గది, మ్యూజియం రెండో అంతస్తు
జూన్ 11

పెద్దమ్మా,

కవరు మీద నీ చేతిరాత చూసి ఎవరికైనా ఒంట్లో బాగోలేదేమోనని భయపడ్డాను. విప్పితే లోపల ఇస్త్రీ అయిన చిమ్మట. అప్పుడు కుదుటపడ్డాను.

ఈ గదికి చిమ్మటలు పిన్నుకి గుచ్చి వచ్చాయి, సీసాల్లో మునిగి వచ్చాయి, పుస్తకాల మధ్య నలిగి వచ్చాయి. ఇస్త్రీ చేయించుకుని రావడం ఇదే మొదలు. నీ బక్రం జిగురు వేడికి కరిగి, దాని రెక్కల మీది పొలుసులన్నీ ఊడబీకింది. రంగూ మచ్చలూ బక్రానికి అంటుకుపోయాయి, రెక్కలు మాత్రం గాజులా మిగిలాయి. ఒంటి సంగతి అడక్కు.

మిగిలిన దాన్ని బట్టి చూస్తే ఉన్ని బట్టలు కొరికే చిమ్మటల జాతిలా ఉంది. మా విభాగం తరపున సలహా ఏమిటంటే, ఉన్ని బట్టలన్నీ ఎండలో వెయ్యి, బీరువాల్లో కలరా ఉండలు పెట్టు. ఈసారి పంపితే అగ్గిపెట్టెలో దూది వేసి పంపు. ఇస్త్రీ వద్దు.

పనిలో పనిగా ఒక మాట. నువ్వు ఊరికే చేసిన పని ఒక్కటి కూడా నా ఎరుకలో లేదు. ఏమైంది?

మిడత


దర్జీ కొట్టు
జూన్ 15

మిడతా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, మడిచి, మిషన్ డ్రాయరులో బాబిన్ల అడుగున దాచాను. ఇంకెవరి కంటా పడకూడదు. ఎందుకో ఇప్పుడు చెప్తాను, కూర్చుని చదువు.

ఇక్కడి పెద్ద హోటల్ వాళ్ళకి, గుమ్మం దగ్గర నిలబడే మనుషుల కోసం, పన్నెండు నల్ల ఉన్ని కోట్లు కుట్టాను. చలికాలం అంతా తొడిగారు. వేసవికి లోపల పెట్టేశారు. మొన్న తీస్తే వీపుల మీద చిల్లులు. మేనేజరు పన్నెండింటినీ తెచ్చి నా బల్ల మీద పడేసి, "మీ కొట్టులోనే పురుగుంది, అక్కడి నుంచే మాకు అంటుకుంది" అన్నాడు. అంతటితో ఊరుకోలేదు. మార్కెట్ బిల్డింగ్ సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళాడు. సూపర్‌వైజరు వచ్చి నా కిటికీ మీద ఈ చిమ్మటని చూశాడు. వెనక గోడ మీద ఏవో పురుగులు పాకడం కూడా చూశాడు. మర్నాడు నా తలుపుకి నోటీసు. జూలై ముప్పై ఒకటిన వెనక గోడంతా గీకి, మందు కొట్టి, సిమెంటు పూస్తారట. ఆ రోజుతో నేను ఖాళీ చెయ్యాలట. కొట్టు ఇంకెవరికో ఇస్తారట.

ముప్పై ఎనిమిదేళ్ళు, మిడతా. దర్జీ చేతి కుట్టు వంకర పోయిందంటే జనం క్షమిస్తారు. కొలత తప్పితే తిట్టి మళ్ళీ వస్తారు. దర్జీ కొట్టులో పురుగుందన్న మాట బయటికి పొక్కిందా, ఇంక ఎవరూ గుమ్మం తొక్కరు. ఇప్పటికే నిన్న ఒకావిడ తన గుడ్డ కత్తిరించకముందే వెనక్కి పట్టుకుపోయింది. మొహం మీద చెప్పలేక పెళ్ళి వాయిదా పడిందంది. ఆ గుడ్డ ఆమె భర్త ఆఫీసుకి వేసుకునే ప్యాంటుది.

అందుకని అడిగాను. నువ్వేమో ఉన్ని కొరికే జాతి అని రాసి పంపావు. మేనేజరుకి ఇంతకన్నా మంచి సర్టిఫికెట్ ఎవరిస్తారు.

అయితే నీ మాట నేను నమ్మడం లేదు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఈ చిమ్మట నా కిటికీ మీద ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళుగా నా తానుల్లో చిల్లు లేదు. నీ ఉత్తరం రాకముందే కిటికీ గట్టు మీద పాకే పురుగుని ఒకదాన్ని పట్టి గాజు గ్లాసులో వేసి, చుట్టూ ఉన్ని, పట్టు, నూలు, ఫెల్టు, నాలుగు పీసులు పెట్టాను. ఆరు రోజులైంది. పెళ్ళిచూపుల్లో పిల్లాడిలా అన్నింటి చుట్టూ తిరిగింది, ఒక్కదాన్నీ ముట్టలేదు.

ఈ పురుగు సంగతి ఇంకోటి ఉంది. ఇది ఒంటి చుట్టూ ఒక తొడుగు వేసుకుని తిరుగుతుంది. బియ్యపు గింజ కన్నా కాస్త పొడవు. బూడిద రంగు పొడి, చిన్న చిన్న రజను అతికించి ఉంది. తల బయట పెట్టి ఆ తొడుగుని ఈడ్చుకుంటూ నడుస్తుంది. ఇంత నీటైన పని నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ఒక్కరూ చెయ్యలేదు, నువ్వు అసలే చెయ్యలేదు. అగ్గిపెట్టెలో రెండు చిమ్మటలు, ఒక పురుగు పంపుతున్నాను. ఇస్త్రీ చెయ్యలేదు.

పెద్దమ్మ


కీటకాల గది
జూన్ 24

పెద్దమ్మా,

ముందు నన్ను తిట్టు. తిట్టడం అయ్యాక మిగతాది చదువు.

నేను తప్పు చెప్పాను. పొడి పొడిగా ఉన్న ఒళ్ళు చూసి తొందరపడ్డాను. నీ ఉత్తరం చదివాక ఆ ఇస్త్రీ చిమ్మటని మళ్ళీ మైక్రోస్కోపు కింద పెట్టాను. చిమ్మట రెక్కలో ఆకు ఈనెల్లాంటి ఈనెలుంటాయి. ఏ జాతి అన్నది తేల్చేది అవే. మామూలుగా పొలుసుల కింద కనబడవు, ఒక్కో పొలుసునీ కుంచెతో దులపాలి, సగం సార్లు రెక్క చిరిగిపోతుంది. నీ బక్రం ఆ పని ఒక్క దెబ్బకి చేసేసింది. ఒక్కో ఈనె గీత గీసినట్టు కనబడుతోంది. అది ఉన్ని చిమ్మట కాదు. ఆ చుట్టరికమే లేదు.

సంతోషించకు. ఇంకా ఉంది.

ఆ ఈనెలు పట్టుకుని డ్రాయర్లన్నీ వెతికాను. నలభై ఒకటో డ్రాయరులో మూల ఒకే ఒక్క చిమ్మట దొరికింది. ఎనభై ఏళ్ళ కిందట ఒక స్కూలు మాస్టారు పట్టింది. నీ దానికి అచ్చంగా తోబుట్టువు. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఎవరికీ దొరకలేదు. ఈ నేల మీదే పుట్టిన జాతి, ఇంకెక్కడా లేదు, బహుశా అంతరించిపోయింది అని పుస్తకంలో రాసి ఉంది. ఆ వాక్యం మీద వేలు పెట్టి మళ్ళీ చదివాను. అంతరించిపోయిందన్నది నీ కిటికీ మీద రోజూ పొద్దున్నే కొట్టుకుంటోంది.

కానీ ఆ మాస్టారి లేబుల్ మీద ఏం రాసుందో తెలుసా. "దర్జీ కొట్టు. ఉన్ని కోటు మీద." అంతే. ఆ రెండు ముక్కలు చూసి పుస్తకం రాసినాయన "ఆహారం ఉన్ని" అని అచ్చేశాడు. ఆ తర్వాత రాసిన వాళ్ళందరూ దాన్నే ఎత్తి రాశారు. మా విభాగాన్ని చూసుకునే మేడమ్‌కి చూపించాను. "లేబుల్ ఉన్ని అంటోంది, నువ్వు కాదంటున్నావు, నీ దగ్గర ఆధారమేది?" అంది.

ఇప్పుడు అసలు విషయం. మా విభాగం తరపున సలహా అని రాశాను కదా. పెద్దమ్మా, నేను ఆఫీసర్ని కాను. ఇక్కడ నా పని డ్రాయర్లలో కలరా ఉండలు మార్చడం, ఊడిన కాళ్ళు జిగురు పెట్టి అతకడం, లేబుళ్ళు రాయడం. నా రాత సన్నగా, గుండ్రంగా ఉంటుందని అది నాకిచ్చారు. ఏ పురుగు ఏదో ఇంకెవరో చెప్తారు, "గుర్తించినవారు" అన్న చోట వాళ్ళ పేరు నేను రాస్తాను. నీతో అంత పోట్లాడి వచ్చాక, లేబుళ్ళు రాస్తున్నానని చెప్పడానికి మొహం చెల్లలేదు. అందుకే రెండేళ్ళు ఉత్తరం రాయలేదు.

కాబట్టి నా మాటకి ఇక్కడ విలువ లేదు, ఆధారానికి ఉంది. నువ్వు పంపిన తొడుగు పురుగే పెరిగి ఈ చిమ్మట అవుతుంది, మేసేది పురుగుగా ఉన్నప్పుడే, కాబట్టి ఆ పురుగు ఎక్కడ ఉంటుంది, ఏం తింటుంది, అది కావాలి. నేను రాలేను, సెలవు లేదు. కళ్ళు నీకున్నాయి.

మిడత


దర్జీ కొట్టు
జూలై 9

మిడతా,

తిట్టడం నీ ఉత్తరం మొదటి పేజీలోనే అయిపోయింది, మిషన్ పక్కన కూర్చుని గట్టిగానే తిట్టాను.

కోటు కుట్టాక లోపల కాలరు కింద చిన్న పేరుపట్టీ కుడతాం. తొడుక్కున్న వాడికి కూడా అది కనబడదు. అయినా కోటు తప్పిపోతే ఎవరిదో చెప్పేది ఆ పట్టీ ఒక్కటే. ఆ పని చేస్తున్నానని చెప్పడానికి నీకు సిగ్గేమిటి. ఆఫీసర్ని అని చెప్పినందుకు సిగ్గుపడు. మీ అమ్మకి నేను చెప్పను, నువ్వే చెప్పుకో.

ఇక పని.

గోడ మీద పురుగులు అన్నీ ఒకలాగే ఉంటాయి, ఏది ఎటు పోతోందో తెలియదు. బట్ట మీద గుర్తు కావాలంటే మనం ఏం చేస్తాం. నీలం సుద్దని పొడి చేసి, ఒక చుక్క నీళ్ళలో కలిపి, సూది మొనతో పదకొండు పురుగుల తొడుగులకి మెడ దగ్గర నీలం గీత పెట్టాను. కిటికీ గట్టు మీద వదిలాను. కళ్ళజోడు మీద భూతద్దం పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాను. పక్క కొట్టు గడియారాలాయన వచ్చి, "అమ్మగారూ, గోడకి కొలతలు తీస్తున్నారా?" అన్నాడు. అవును, చొక్కా కుడుతున్నానన్నాను.

పదకొండులో తొమ్మిది కిటికీ చట్రం దాటి బయటికి పోయాయి. ఒక్కటి కూడా కొట్టులోకి రాలేదు. మర్నాడు పొద్దున వెనక సందులోకి వెళ్ళి చూశాను. ఎండ తగలని వైపు గోడ, పైన నీళ్ళ గొట్టం కారుతూ ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది చూడు, అక్కడ. రాయి మీద బూడిద ఆకుపచ్చగా పెచ్చులు పెచ్చులుగా పాచి పట్టి ఉంటుంది. చిన్నప్పుడు నువ్వు గోటితో గీకి తిట్లు తిన్నది అదే. నా నీలం గీతలు తొమ్మిదీ అక్కడున్నాయి. తల కిందికి పెట్టి ఆ పాచిని మేస్తున్నాయి. మేసిన చోట రాయి తెల్లగా బయటపడింది.

పది రోజులు రోజూ చూశాను. ఇప్పుడు చెప్పేది నీ మేడమ్‌కి చదివి వినిపించు. మెడ దగ్గర నేను పెట్టిన నీలం గీత ఇప్పుడు మెడ దగ్గర లేదు. నడుముకి దిగింది. గీతకి పైన కొత్తగా బూడిద రంగు పట్టీ వచ్చింది. అంటే ఒళ్ళు పెరిగిన కొద్దీ ఇది తొడుగుని మెడ వైపు నుంచి పొడవు చేసుకుంటోంది. మనం అంచు వైపు విప్పి పొడిగిస్తాం, ఇది మెడ వైపు కలుపుకుంటుంది. ఆ కలిపిన ముక్క ఏమిటంటే, ఆ పాచి, ఆ గోడ రజను. ఉన్ని పోగు ఒక్కటి లేదు. పుట్టిన దగ్గర్నుంచి తిన్నదీ కట్టుకున్నదీ ఆ గోడే.

మాస్టారి లేబుల్ సంగతి నన్నడుగు. ఆయన దర్జీ కొట్టుకి ఎందుకొస్తాడు? ట్రయల్‌కి. చేతులు చాపి కదలకుండా నిలబడమంటాం. కదిలితే గుండుసూది గుచ్చుకుంటుంది. ఇంకేం తోచదు, కళ్ళు మాత్రం నాలుగు వైపులా తిప్పుతారు. పక్కన వేలాడుతున్న కోటు మీద ఈ చిమ్మట వాలి ఉండడం చూశాడు, పట్టాడు, ఉన్ని కోటు మీద అని రాశాడు. ఆయన అబద్ధం ఆడలేదు. వాలింది అన్నాడు, తింటోంది అనలేదు. నా బల్ల మీద ఈగ వాలితే బల్ల ఈగకి తిండా?

నీలం గీత ఉన్న తొడుగులు మూడు, గోడ పెచ్చు ఒకటి పంపుతున్నాను. నువ్వు అడగలేదు గానీ, గోడ మీంచి తెచ్చి గ్లాసులో పెట్టినవాటి రెట్ట కూడా పొట్లం కట్టాను. ఏం తిన్నామన్నది అక్కడ దాచలేం కదా. పార్సిల్ తీసుకునే అమ్మాయి లోపల ఏముందని అడిగితే నిజమే చెప్పాను. నమ్మలేదు, "దుస్తులు" అని రాసుకుంది.

ఇరవై రెండు రోజులే ఉన్నాయి.

పెద్దమ్మ


కీటకాల గది
జూలై 16

పెద్దమ్మా,

పొట్లం విప్పింది నేను కాదు, మేడమ్. "ఇదేమిటి?" అంది. చెప్పాను. "మీ పెద్దమ్మ ఏ కాలేజీలో చదివింది?" అని అడిగింది. ఎనిమిదో తరగతి అన్నాను. వెంటనే మైక్రోస్కోపు ముందు కూర్చుంది. భోజనానికి కూడా లేవలేదు.

ఆ రెట్టలో ఉన్నదంతా ఆ పాచే. మేం దాన్ని లైకెన్ అంటాం. ఉన్ని పోగు కోసం మూడుసార్లు వెతికింది, ఒక్కటి దొరకలేదు. తొడుగులో ఉన్న రజనూ నువ్వు పంపిన గోడ పెచ్చూ ఒకటే. నీ నీలం గీత చూసి మాత్రం కుర్చీలో వెనక్కి వాలింది. "ఎనభై ఏళ్ళుగా దీన్ని ఉన్ని గోదాముల్లో వెతికారు. గోడ వైపు ఎవరూ చూడలేదు" అంది. నేను గెలిచానని ఆమె అనలేదు గానీ, ఆ మధ్యాహ్నం నాకు కలరా ఉండలు మార్చే పని చెప్పలేదు.

అయితే కోట్లకి చిల్లులు పడ్డ మాట నిజం. మన చిమ్మట చెయ్యలేదని తేలింది, ఎవరు చేశారో తేలలేదు. అది తేలకపోతే నీ సూపర్‌వైజరు ఇంకో పురుగు పేరు చెప్తాడు. ఆ పన్నెండు కోట్లు నీ దగ్గరే ఉన్నాయా? ఉంటే కాలరు కింద, మడతల్లో, జేబు అడుగున వెతుకు. అసలైన ఉన్ని పురుగు కూడా తొడుగు వేసుకుంటుంది. అది పట్టుదారం గొట్టం. తాను తిన్న ఉన్నినే దాని మీద అతికించుకుంటుంది. దొరికితే నీ చేత్తో ముట్టుకోకు. సాక్షి కావాలి, గడియారాలాయన్ని పిలువు.

మిడత


దర్జీ కొట్టు
జూలై 20

మిడతా,

కోట్లు పన్నెండూ నా దగ్గరే ఉన్నాయి.

గడియారాలాయన తన కంటికి పెట్టుకునే అద్దంతో వచ్చి కూర్చున్నాడు. పన్నెండు కోట్లకీ కాలర్లు నేనే విప్పాను. నా చేత్తో వేసిన కుట్లు నా చేత్తో విప్పడం మొదటిసారి. నాలుగు కోట్లలో దొరికాయి, మొత్తం ఏడు గొట్టాలు. పట్టకారుతో ఆయనే తీశాడు.

ఇప్పుడు విను. తాను తిన్న ఉన్నినే అతికించుకుంటుందని రాశావు. కోటు నలుపు. గొట్టం ఒక కొస నలుపు. మిగతా సగం ఆకుపచ్చ. చిలకపచ్చ.

నా కొట్టులో ఆకుపచ్చ ఉన్ని లేదు. ఎప్పుడూ లేదు, ఆ రంగు నాకు గిట్టదు, ఎవరైనా తెస్తే వేరే దర్జీ దగ్గరికి పంపిస్తాను. ఈ సంగతి మార్కెట్ అంతటికీ తెలుసు. పురుగు ముందు ఆకుపచ్చ తిని, తర్వాత నలుపుకి వచ్చింది. అంటే కోట్లు నా దగ్గర్నుంచి వెళ్ళాక, ఎక్కడో ఆకుపచ్చ పక్కన ఉన్నాయి.

మధ్యాహ్నం ఆ హోటల్ గుమ్మం దగ్గర నిలబడే ఆయన దగ్గరికి వెళ్ళాను. భుజం కొలత చూడాలి అన్నాను. కొలుస్తూ, వేసవిలో కోట్లు ఎక్కడ పెట్టారు నాయనా అన్నాను. "వెనక గదిలోనండీ, పాత బిలియర్డ్స్ బల్ల ఉంటుంది, దాని మీదే పరిచేశాం" అన్నాడు.

ఆ బల్ల మీద ఏ రంగు ఉన్ని గుడ్డ ఉంటుందో నీకు చెప్పాలా.

గొట్టాలు నాలుగు నీకు పంపాను, మూడు గడియారాలాయన తన ఇనప్పెట్టెలో పెట్టాడు. నాకు నీ మ్యూజియం కాగితం మీద, సంతకంతో ఒక్క ఉత్తరం కావాలి. పదకొండు రోజులుంది.

పెద్దమ్మ


కీటకాల గది
జూలై 26

పెద్దమ్మా,

ఉత్తరం దీంతో ఉంది. మేడమ్ సంతకం, మ్యూజియం ముద్ర. రెండు పేజీలు. మొదటిది గోడ గురించి, రెండోది కోట్ల గురించి. అందులో మొదటి వాక్యం నేను రాశాను, ఆమె ఒక్క అక్షరం మార్చలేదు: "ఈ చిమ్మట బట్ట తినదు."

ఆకుపచ్చ గొట్టం ఆమెకి చూపించినప్పుడు నేను నవ్వు ఆపుకోలేకపోయాను, ఆమె కూడా ఆపుకోలేదు.

ముప్పై ఒకటో తేదీ పొద్దున ఆమే స్వయంగా అక్కడికి వస్తోంది. నీకు చెప్పొద్దంది, ఎందుకంటే దారి ఎలా ఉంటుందో, సమయానికి అందుతుందో లేదో తెలియదు. నేను చెప్తున్నాను. ఆమె వచ్చేదాకా ఆ గోడ మీద ఎవరి చెయ్యీ పడనివ్వకు. మనకి తెలిసినంతలో లోకంలో ఆ చిమ్మటకి ఉన్న ఇల్లు అదొక్కటే.

మిడత


దర్జీ కొట్టు (ఇంకా ఇక్కడే)
ఆగస్టు 1

మిడతా,

గోడ ఉంది. కొట్టు ఉంది. నేనున్నాను. ఇక వరసగా చెప్తాను.

నిన్న పొద్దున ఏడింటికే నలుగురు మనుషులు గీకుడు పారలు, మందు డబ్బాలు పట్టుకుని సందులోకి వచ్చారు. నేను ఆరింటికే స్టూలు వేసుకుని గోడకి వీపు ఆనించి కూర్చున్నాను. మరీ ఆనించలేదులే, నీ పురుగులు నలుగుతాయని నాలుగు వేళ్ళు వదిలాను. ఒళ్ళో పెద్ద కత్తెర. అది ఎవర్ని భయపెట్టడానికీ కాదు, కాజాలు కోస్తున్నాను. పని ఆగకూడదు కదా.

సూపర్‌వైజరు వచ్చి లెమ్మన్నాడు. ఉత్తరం చేతికిచ్చాను. చదవడం మొదలుపెట్టాడు. నేను, "పైకి చదవండి, అందరికీ వినబడాలి" అన్నాను. అప్పటికి మార్కెట్ సగం సందులో ఉంది. ఆయన పైకే చదివాడు. ఈ చిమ్మట బట్ట తినదు అన్న చోట గొంతు తగ్గించబోతే, గడియారాలాయన వెనక నుంచి, "ఆ ముక్క మళ్ళీ ఒకసారి చదవండి సార్" అన్నాడు. మళ్ళీ చదివాడు.

అప్పటికి హోటల్ మేనేజరు కూడా వచ్చాడు. గోడ గీకడం చూసి పోదామని వచ్చాడనుకుంటాను. రెండో పేజీ మొదలయ్యేసరికి వెనక్కి తిరిగాడు. నేను ఆపాను. ఆకుపచ్చ గొట్టం తెల్ల బక్రం మీద అతికించి ఉంచాను, అది చేతికిచ్చాను. "మీ బిలియర్డ్స్ బల్ల దీనికి పుట్టిల్లు. తీసుకెళ్ళి చూసుకోండి" అన్నాను. చూశాడు. వెలుతురు వైపు తిప్పి మళ్ళీ చూశాడు. తర్వాత అంతమంది ముందు, "పొరపాటు మాదేనమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాట కోసం రెండు నెలలుగా నాకు అన్నం సరిగా దిగలేదు. నీకు ఇన్ని ఉత్తరాల్లో ఆ సంగతి రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను. కొట్టు పోతే నేనేం చేస్తానో నాకు తెలియలేదు, మిడతా. ఈ చేతులకి ఇంకో పని రాదు.

మీ మేడమ్ తొమ్మిదింటికి చేరింది. సందులోకి వచ్చి నేరుగా గోడ దగ్గరికి వెళ్ళి, మంచి చీరతో చెమ్మలో మోకాళ్ళ మీద కూర్చుంది. కాసేపటికి నా వైపు తిరిగి, "నీలం గీతవి ఎక్కడ?" అంది. చూపించాను. ఇద్దరం ఒకే భూతద్దంలోంచి చూశాం. లేచాక సూపర్‌వైజరుతో ఏదో అంది, ఆయన పారలు పట్టుకొచ్చిన నలుగురినీ పంపేశాడు. కారే గొట్టం బాగు చేయిస్తానని కూడా అన్నాడు. వద్దు, అలాగే ఉండనివ్వమంది. పదేళ్ళుగా ఆ గొట్టం బాగు చెయ్యమని నేను అర్జీలు పెడుతున్నాను. ఇప్పుడు చెయ్యకూడదట. సరే.

కొట్టు ఖాళీ చెయ్యక్కర్లేదని కూడా ఆయనే అన్నాడు, నోటీసు నా చేత్తోనే పీకాను. ప్యాంటు గుడ్డ పట్టుకుపోయిన ఆవిడ సాయంత్రం వచ్చింది, పెళ్ళి కుదిరిందట. కొలతలు తీసుకున్నాను.

కోట్లకి చిల్లులు నేనే రఫ్ఫు చేసిస్తానని మేనేజరుతో చెప్పాను. ఆ కోట్లు ఏం పాపం చేశాయి. ఏ చోట పూడ్చానో వెతికి చూపిస్తే నేను దర్జీనే కాను.

నీకు ఒక కోటు కుడుతున్నాను. భుజాల కొలత మీ అమ్మ పంపింది, పనేమిటో కూడా తనకి చెప్పేశావట, మంచిది. కాలరు కింద పట్టీ మీద మిడత అని కుట్టాను. రంగు నీలం.

పెద్దమ్మ


కీటకాల గది
ఆగస్టు 12

పెద్దమ్మా,

కోటు సరిగ్గా సరిపోయింది. ఈ గదిలో చలి ఎక్కువ, వేసుకునే రాస్తున్నాను.

నలభై ఒకటో డ్రాయరు ఇవాళ మళ్ళీ సర్దాను. మాస్టారి చిమ్మట కింద ఆయన పాత లేబుల్ అలాగే ఉంది. ఇక్కడ పాత లేబుల్ తప్పైనా తీసెయ్యం, దాని కింద కొత్తది గుచ్చుతాం. పక్కనే నీ చిమ్మటలు రెండు, నీలం గీత తొడుగులు మూడు పెట్టాను. ఇస్త్రీ చేసింది కూడా బక్రంతో సహా పెట్టాను. మేడమ్ అదే ముందు పెట్టమంది, ఈనెలు అంత స్పష్టంగా కనబడేది ఈ మ్యూజియంలో ఇంకోటి లేదట. "తయారుచేసిన పద్ధతి" అని ఒక గడి ఉంటుంది. ఏం రాయను అని అడిగాను. ఉన్నదే రాయి అంది. ఇస్త్రీ అని రాశాను.

కొత్త లేబుల్ ఇలా ఉంది, నువ్వు చూడాలని ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

"ఉండే చోటు: దర్జీ కొట్టు వెనక గోడ, ఎండ తగలని వైపు, చెమ్మ ఉన్న రాయి. ఆహారం: రాతి మీది లైకెన్. బట్ట తినదు. కనుగొన్నవారు: దర్జీ."

కింద ఇంకో గీత ఉంటుంది. గుర్తించినవారు. అలవాటు కొద్దీ మేడమ్ పేరు రాయబోయాను. ఆమె నా వెనక నిలబడి ఉంది. చెయ్యి పట్టుకుని ఆపి, "నాది కాదు, నీది రాయి" అంది.

పెద్దమ్మా, ఆరువేల లేబుళ్ళు రాశాను, ఒక్క అక్షరం వంకర పోలేదు. ఇది ఒక్కటి పోయింది. మళ్ళీ రాస్తానన్నాను. మేడమ్ అప్పటికే పిన్ను గుచ్చేసింది.

మిడత